రేగడి మైదానంలో జింకల వేట

ఆదోని దాటి రాయచూరు వైపు పోయే రైలు ఇస్వి, కుప్పగల్లు మీదుగా కోసిగి చేరేలోపు కిటికీలోంచి కనబడేది చాలామటుకు నల్లరేగడే. అక్కడక్కడ రాతిగుట్టలు, గట్టు మీద ఓ వేపచెట్టు, వంక పక్కన తుమ్మలు. మిగిలిందంతా చదును. జొన్న కోసుకున్నాక ఈ నేల మీద నిలబడ్డ మనిషి ఎంతో దూరం నుంచే కనబడిపోతాడు. వేటగాడికి ఇంతకన్నా చిక్కైన చోటు ఉండదు. అడవిలో అయితే చెట్టు చాటుంది, పొద చాటుంది. ఇక్కడ ఏ చాటూ లేదు. ఆ చాటులేని బయల్లోనే కృష్ణజింక తరతరాలుగా బతికింది, తరతరాలుగా వేటకు చిక్కింది కూడా.

కృష్ణజింక తన ప్రాణాన్ని కళ్లకూ కాళ్లకూ అప్పజెప్పి బతుకుతుంది. మగది ముప్పై అయిదు, నలభై కిలోలు తూగుతుంది. మెలి తిరిగిన కొమ్ములు రెండడుగుల దాకా పెరుగుతాయి. ప్రాణభయంతో పరుగెత్తితే గంటకు 80 కిలోమీటర్ల దాకా అందుకుంటుంది. ప్రమాదం వస్తే పొదల్లో దూరదు, దట్టమైన అడవికేసి పోదు. పొట్టిగడ్డి బయలే దానికి కోట. మంద మేస్తున్నంతసేపూ ఒకటో రెండో తలెత్తి చూస్తూనే ఉంటాయి. వాటిలో ఒకటి గాల్లోకి ఎగిరి దూకిందంటే చాలు, మిగతావన్నీ అదే బాట పడతాయి.

అమెరికా పడమటి రాష్ట్రాల్లో, సేజ్ తుప్పలు తప్ప మరేమీ మొలవని ఎండు బయళ్లలో ప్రాంగ్‌హార్న్ అనే జంతువుంది. దానికీ మన జింకకూ దగ్గరి చుట్టరికం లేదు. బతుకు మాత్రం ఒకటే: దూరం నుంచి చూడటం, అందకుండా పరుగెత్తడం. దాన్ని వేటాడాలనుకున్నవాడు నెలల ముందే దరఖాస్తు పెట్టి, చాలా చోట్ల లాటరీలో పర్మిట్ తెచ్చుకుంటాడు. గుట్టెక్కి బైనాక్యులర్‌తో మందల జాడ రాసుకుంటాడు. నీటిగుంట పక్కన చిన్న గుడారం వేసుకుని రోజంతా కదలకుండా కూర్చుంటాడు. ఆదోని సీమలో వేట పన్నాగం వేరుగా సాగింది. చాటు దొరకని చోటికి చాటును వెంట తీసుకుపోవడం ఇక్కడి పద్ధతి. ఆ చాటు ప్రతిసారీ రైతు దగ్గర నుంచే వచ్చింది. బండి రైతుది, ఎద్దు రైతుది, కప్పుకున్న గొంగడి గొర్రెల కాపరిది. వేటాడింది ఎవరైనా, వేట సాగింది వాళ్ల చేలల్లో.

ఈ కథలో మొదటి రాత నిజంగా రాతి మీదే ఉంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండలున్నాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన పద్నాలుగు పెద్ద శాసనాలూ అక్కడ ఉన్నాయి. 1920ల చివర్లో అవి పండితుల కంటపడ్డాయి. మొదటి శాసనంలో రాజు తన వంటింటి సంగతే చెప్పుకున్నాడు. ఒకప్పుడు అక్కడ రోజూ లెక్కలేనన్ని ప్రాణులు తెగేవట. శాసనం వేయించేనాటికి అవి మూడుకు తగ్గాయి: రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా అన్ని రోజులూ కాదు. ముందు ముందు ఆ మూడింటినీ చంపబోమని కూడా చెక్కించాడు. ఎనిమిదో శాసనం నేరుగా వేటనే పట్టుకుంది. పూర్వపు రాజులు విహారానికి, వేటకు బయలుదేరేవారు; తాను పట్టాభిషేకమైన పదేళ్లకు ఆ యాత్రలు మాని ధర్మయాత్రలు మొదలుపెట్టానన్నాడు. జింకలు నిజంగా మేసే నేల నడుమ ఈ మాట నిలిచి ఉండటం కర్నూలు జిల్లావాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ విషయం. బడిపిల్లలను ఏడాదికొకసారైనా అక్కడికి తీసుకుపోవాలి.

ఆ మాట రాతి మీద నిలిచింది గానీ, ఆ తర్వాతి రాజులెవరూ దాన్ని పట్టించుకోలేదు. విజయనగర రాజుల కాలానికి వేట రాచవైభవంలో భాగమైపోయింది. హంపీలో మహర్నవమి దిబ్బ చుట్టూ చెక్కిన వరసల్లో ఏనుగులు, గుర్రాలు, నాట్యగత్తెలతో పాటు వేటగాళ్లూ జింకలూ కూడా ఉన్నారు. ఆదోని ఆ రాజ్యానికి ముఖ్యమైన కోట. అదే జింక తోలు ఇంకోవైపు వటువు మెడలో కృష్ణాజినంగా, యతులకు ఆసనంగా పవిత్రమైంది. ఒకే జంతువును పూజకూ, విందుకూ, వినోదానికీ కోరుకున్న సమాజం మనది.

రాజులు వేట వినోదానికి చేసుకుంటే, బోయలు బతుకుతెరువుకు చేశారు. దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ సంపుటాలు బోయల్లో రెండు తెగలను చెబుతాయి: ఊరు బోయలు, మ్యాస బోయలు. ఊరు బోయలు గ్రామాల్లో స్థిరపడి సేద్యం, కావలి, సైనిక వృత్తి పట్టారు. మ్యాస బోయలు గడ్డిబయళ్లను, అడవులను నమ్ముకుని మందలు మేపుకుంటూ, వేటాడుకుంటూ బతికారు. పాలెగాళ్ల కొలువుల్లోనూ, హైదర్ అలీ దండులోనూ బోయల బలమే పెద్ద బలం. వలలు, ఉచ్చులు, కుక్కలు వాళ్ల సరంజామా. ఉగాదికి ఊరి మగవాళ్లంతా కలిసి వేటకు పోయే ఆచారం రాయలసీమ పల్లెల్లో చాలాకాలం సాగింది. పంట పని ముగిసి, చేలు ఖాళీ అయిన రోజులవి. పండగ పేరుతో జరిగినా, ఆ వేటలో పంటను తినే మందలను పలచన చేసుకునే లెక్క కూడా ఉంది.

జింకను పట్టే పద్ధతుల్లో అన్నిటికన్నా నేర్పైనది దీమపు జింక పద్ధతి. అక్బరు కాలపు ఐన్-ఇ-అక్బరీ మొదలుకొని పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు వేట పుస్తకాల దాకా దాదాపు ఒకే తీరుగా దీన్ని వర్ణించారు. పిల్లప్పటి నుంచి పెంచిన మగజింక కొమ్ములకు సన్నని తాళ్లతో, నరాలతో అల్లిన ఉచ్చులు కట్టి మంద వైపు వదులుతారు. మందలోని పోతుకు తన బయల్లో పరాయి పోతు కాలు పెట్టడం సహించరాని సంగతి. తల వంచి మీదికొస్తుంది. రెండూ కొమ్ములు కలుపుతాయి. నాలుగైదు కుమ్ముల్లో అడవి జింక కొమ్ములు ఉచ్చులో బిగుసుకుంటాయి. విడిపించుకోవాలని అది వెనక్కి గుంజేకొద్దీ పెంపుడుది తన బరువంతా వేసి ఆపుతుంది. దూరాన పడుకుని చూస్తున్న వేటగాడు అప్పుడు పరుగున వస్తాడు. తుపాకీ లేదు, గుర్రం లేదు, చప్పుడు లేదు. జింక స్వభావాన్ని ఏళ్ల తరబడి గమనించినవాడికే ఈ ఉపాయం తడుతుంది. వేట మంచిదా చెడ్డదా అన్న మాట పక్కన పెడితే, ఈ విద్యలో ఉన్న ప్రకృతి జ్ఞానం ఏ పుస్తకానికీ తీసిపోదు.

దొరలూ నవాబులూ ఇష్టపడ్డది మాత్రం చీతా వేట. నడుం సన్నగా, కాళ్లు పొడుగ్గా, కంటి నుంచి నోటిదాకా నల్లని చారతో ఉండే ఈ జంతువు దక్కన్ బయళ్లలో అప్పట్లో ఉండేది. దాన్ని పట్టి, మచ్చిక చేసి, జింకల మీదికి వదలడం మొగలుల నుంచి దక్కన్ దర్బారుల దాకా పాకిన వేడుక. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను వేట చీతాలను పోషించాడు. 1799లో కోట పడ్డాక అవి ఇంగ్లీషు సేనాని ఆర్థర్ వెల్లెస్లీ చేతికొచ్చాయి. హైదరాబాదులో నిజాముల చీతాలు పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఉన్నాయి. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వచ్చినప్పుడు నిజాం ఆతిథ్యంలో అతనికి చీతాలతో కృష్ణజింకల వేట చూపించారు. ఆదోని ఈ రెండు దర్బారుల మధ్య నలిగిన కోట. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు అది. 1786లో టిప్పు దాన్ని ముట్టడించి తీసుకున్నాడు.

చీతా వేటకు పన్నాగమంతా బండిలో ఉంది. జింకకు మనిషంటే అనుమానం, గుర్రమంటే భయం. ఎద్దుల బండంటే మాత్రం అలవాటు. పొద్దున లేస్తే ఎరువు తోలే బండి, జొన్న సొప్ప తోలే బండి దాని కళ్లముందే పోతుంటాయి. అందుకే చీతాను రైతు తోలే బండి లాంటి బండి మీదే కూర్చోబెట్టేవాళ్లు. నడుముకు తాడు, కళ్లకు తోలు గంత. పక్కన ఇద్దరు సాకిరివాళ్లు. ముందురోజు దానికి మేత తగ్గించేవాళ్లు. బండి మందకు ఎదురుగా పోకూడదు, ఆగకూడదు. ఏదో పనిమీద పోతున్నట్టు వాలుగా, చుట్టుచుట్టి దగ్గరకు రావాలి. నూరు, రెండు నూర్ల గజాల దూరం చిక్కగానే గంత తీసి, నల్లని పోతు ఎటుందో దాని ముఖం అటు తిప్పేవాళ్లు. చీతా బండి మీంచి జారి, నేలకు కరుచుకుని కొంతదూరం పాకి, ఒక్కసారిగా విడుచుకునేది. మూడు నాలుగు వందల గజాల్లో పని అయిపోవాలి. అందకపోతే ఆగి, అలిగి కూర్చునేది. అందితే గొంతు పట్టుకుని అలాగే ఉండేది. సాకిరివాడు పరుగెత్తుకొచ్చి, జింక గొంతు కోసి, కొయ్యగరిటెలో నెత్తురు పట్టి చీతా నోటికి అందించి, అది తాగుతున్నంతలో మళ్లీ గంత కట్టేసేవాడు.

ఈ మొత్తం తంతులో బండిని జింక నమ్మడమే కీలకం. రైతు తన బండితో ఏళ్ల తరబడి ఆ మందల పక్కనుంచి పోయి వాటికి కలిగించిన నమ్మకాన్ని వేటగాళ్లు వాడుకున్నారు.

రేగడిలో ఈ వేటకు కాలం కూడా కలిసిరావాలి. వానాకాలంలో బండి చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. కార్తీకం తర్వాత తెల్లజొన్న ఎదిగి మనిషెత్తు నిలబడుతుంది. అందులోకి పోయిన జింక కనబడదు. ఎండలు ముదిరితే నేల నెర్రెలు విచ్చుకుంటుంది. గుర్రం కాలు అందులో పడితే విరిగినట్టే. అందువల్ల జొన్న కోత అయిపోయి, నెర్రెలు ఇంకా పెద్దవి కాని మాఘ ఫాల్గుణాలే ఈ సీమలో వేటకు అనువైన రోజులు. పంటలేని ఆ నెలల్లో జింకలకూ బయలంతా తమదే.

1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ఉన్నాడు. ఎనభైమంది పాలెగాళ్లను అణచి, వాళ్ల దండులను రద్దు చేశాడు. ఆయుధం పట్టి బతికిన బోయలు నాగలి పట్టక తప్పలేదు. 1808లో బళ్లారి జిల్లా వేరుపడినప్పుడు ఆదోని అందులో చేరింది. బళ్లారిలో పెద్ద కంటోన్మెంటు వెలిసింది. కృష్ణజింక వేట అక్కడి సైనికాధికారులకు సెలవురోజు కాలక్షేపం. వాళ్లు రైఫిల్ తెచ్చారు గానీ చాటు మాత్రం పాతదే. దేశీ గొంగడి కప్పుకుని, ఎద్దు పక్కన వంగి నడిచి, లేదా బండి వెనక నక్కి గురి చూసేవాళ్లు. ఎదురుగా ఏదైనా కదులుతుంటే దాని ముందునుంచి అడ్డంగా దాటిపోవాలని చూడటం కృష్ణజింకకు అలవాటు. అది తెలిసినవాళ్లు బండిని తోలుతూ, అది దాటే చోటికే తుపాకీ ఎక్కుపెట్టి ఉంచేవాళ్లు. కొమ్ముల పొడవు అంగుళాల్లో కొలిచి పుస్తకాల్లో కెక్కించడం కూడా ఆ కాలంలోనే మొదలైంది.

1871లో మద్రాసు రైల్వే, బొంబాయి నుంచి వచ్చే లైను రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని, కోసిగి దేశపు పెద్ద దారి మీదికొచ్చాయి. దానికి పదేళ్ల ముందే, 1861–65 అమెరికా అంతర్యుద్ధం పుణ్యమా అని మన పత్తికి ధర పెరిగింది. అప్పటిదాకా బీడుగా వదిలిన బయళ్లలోకి మడకలు దిగాయి. 1876–78 కరువు ఈ సీమ నడుం విరిచింది. మనుషులూ పశువులూ కుప్పలుగా చచ్చారు. అయినా కరువు దాటాక పత్తి సాగు ఆగలేదు. ఆదోని పత్తి మార్కెట్టుగా ఎదిగింది. జింకకు జరిగిన నష్టంలో తుపాకీ వాటా ఎంతో, మడక వాటా అంతకు తక్కువేం కాదు. వేటగాడు మందలో ఒక పోతును చంపాడు. దున్నకం మంద నిలిచే బయలునే మింగింది.

చీతా ముందుగా పోయింది. పట్టుకున్న చీతాలు పంజరాల్లో దాదాపుగా పిల్లలు పెట్టవు. అందుకని కొత్తవాటి కోసం ఎప్పుడూ అడవి మీదే పడాల్సి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో మన సంస్థానాధీశులు ఆఫ్రికా నుంచి చీతాలను ఓడల్లో తెప్పించుకునే దాకా వచ్చింది. 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానంలో ఒకే రాత్రి మూడింటిని కాల్చిన తర్వాత ఈ దేశంలో చీతా ఉన్నట్టు గట్టి ఆధారం లేదు. 1952లో అది అంతరించిందని ప్రభుత్వం ప్రకటించింది. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. స్వాతంత్ర్యం తర్వాతి ఇరవై ఏళ్లు దేశమంతటా కృష్ణజింకకు చెడ్డకాలం. సైన్యం అమ్మేసిన జీపులు వచ్చాయి. రాత్రిపూట హెడ్‌లైటు కళ్లలో పడితే జింక నిలబడిపోతుంది. ఇక చాటు అక్కర్లేదు, స్వభావం తెలియనక్కర్లేదు, ఓపిక అక్కర్లేదు. వేటను విద్యగా చూసినవాళ్లు కూడా దీన్ని వేట అనడానికి ఒప్పుకోలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింకను దాని మొదటి షెడ్యూలులో చేర్చారు. ఆ చట్టం రాయడంలో పాలుపంచుకున్న ఎం.కె. రంజిత్‌సింహ్ కృష్ణజింక మీద చేసిన పరిశోధన ప్రకారం 1970లలో దేశం మొత్తం మీద మిగిలినవి ఇరవై రెండు, ఇరవై నాలుగు వేలు. ఆ చట్టం లేకపోతే చీతా దారినే జింకా పోయేది. అందులో అనుమానం లేదు.

చట్టం పని చేసింది. 2000 నాటికి దేశంలో వాటి సంఖ్య యాభై వేల దాకా చేరిందని అంచనా. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకే. బట్టమేకపిట్ట కోసం 1988లో రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పాటు చేస్తే, ఆ ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డిలో జింకలు కూడా పెరిగాయి. రోళ్లపాడు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. పిట్ట కనుమరుగవుతూ వచ్చింది. జింక మాత్రం పెరిగి, పెరిగి, చుట్టుపక్కల చేలల్లోకి దిగింది. అభయారణ్యం కంచె మనిషికి తెలుస్తుంది గానీ జింకకు తెలియదు.

విచిత్రం ఏమిటంటే, 1932లో అమెరికాలోని టెక్సాస్‌కు తీసుకుపోయిన కృష్ణజింకలు అక్కడి ప్రైవేటు రాంచ్‌లలో వేలకు పెరిగాయి. అక్కడ రుసుము కట్టినవాడు చట్టబద్ధంగా వేటాడవచ్చు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొన్ని వేలకు దిగిన ప్రాంగ్‌హార్న్ కూడా వేటను కట్టుదిట్టం చేశాక మళ్లీ లక్షలకు చేరింది. అక్కడ 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలైన పన్ను వన్యప్రాణుల సంరక్షణకు పోతుంది. ఆ పద్ధతి మనకు తెచ్చుకోవాలని కాదు. మన దేశం వేటను పూర్తిగా ఆపాలని నిర్ణయించుకుంది, ఆ నిర్ణయం సబబే. కానీ అక్కడ జంతువు పెరిగితే ఆ ఖర్చుకు ఓ ఖాతా ఉంది.

వేటను ప్రాణహింస లేకుండా నిలుపుకున్న చోటు రాయలసీమలోనే ఒకటుంది. అహోబిలంలో కనుమ నాడు పార్వేట మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకీ ఎక్కి, నలభైకి పైగా రోజులు, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి తన బావమరుదులను పెళ్లికి పిలవడానికి వస్తున్నాడని ఆ ఊళ్లవాళ్ల నమ్మకం. చెంచులు విల్లంబులతో వచ్చి పల్లకీ మీదికి బాణాలు వేస్తారు, అది వాళ్ల హక్కు. వేట అక్కడ ఎదురుకోలుగా మారింది.

కోసిగి వైపు మాత్రం పరిస్థితి వేరు. కోసిగి, పెద్దకడుబూరు, ఆలూరు, చిప్పగిరి, హాలహర్వి, ఆస్పరి మండలాల్లో తొలకరి పడగానే రైతుకు రెండు భయాలు: వాన ఆగిపోతుందేమోనని ఒకటి, జింకలు దిగుతాయేమోనని ఇంకొకటి. పత్తి, వేరుశనగ రెండాకులు తొడిగినప్పుడు, రబీలో పప్పుశనగ మొలిచినప్పుడు మందలు వస్తాయి. ఒక్క రాత్రిలో మొలకల తలలు కొరికేసి పోతాయి. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. చేను చుట్టూ కట్టెలు పాతి పాత చీరలు కడతారు. ఎర్రవి, పచ్చవి గాలికి కొట్టుకుంటుంటే జింకలు కొన్ని రోజులు బెదురుతాయి, తర్వాత అలవాటు పడతాయి. మంచె వేసి రాత్రంతా డబ్బా వాయిస్తూ కూర్చోవడం ఇంకో దారి. కొట్టకూడదు, ఉచ్చు పెట్టకూడదు, పెడితే జైలు. కోసిగి మండలం సుగ్గికి, అంటే కూలి వలసకు, పేరుపడ్డ మండలం. పంట పోయిందంటే మూటా ముల్లె సర్దుకుని గుంటూరు మిరపచేలకు బండెక్కడమే. పిల్లలు బడి మాని వెంట పోతారు. జింక తిన్న మొలకకూ, బడిలో ఖాళీ అయిన బెంచీకీ సంబంధం ఉన్న ఊళ్లివి.

నష్టపరిహారం ఉంది. కానీ లెక్క కట్టాలంటే పోయిన పంట కంటికి కనబడాలి. ఏపుగా పెరిగిన చేను పోతే కనబడుతుంది. విత్తిన ఇరవై రోజులకే మొలక పోతే, రైతు పదును పోకముందే గొర్రు కట్టి మళ్లీ విత్తేస్తాడు. అధికారి వచ్చేసరికి చేలో కొత్త మొలకలుంటాయి, నష్టం కనబడదు. విత్తనం ఖర్చు, బాడుగ ఖర్చు, ఆలస్యంగా విత్తడం వల్ల తగ్గే దిగుబడి, ఇవన్నీ రైతు నెత్తిన పడతాయి. మొలక దశలో పోయిన పంటకు విడిగా లెక్కించే పద్ధతి ముందు రావాలి. రెండోసారి కొన్న విత్తనం బిల్లు, మళ్లీ విత్తిన తేదీ, చేలో డెక్కల గుర్తులున్న ఫోటో తీసుకుని ఊళ్లోని రైతు సేవా కేంద్రంలోనే నమోదు చేసుకుంటే సరిపోతుంది. అటవీ శాఖ, వ్యవసాయ శాఖ, రెవెన్యూ మూడు ఆఫీసుల మెట్లూ ఎక్కే పని రైతుకు తప్పుతుంది. జూన్‌లో గొర్రు కట్టేలోపు ఈ ఏర్పాటు జరిగితే, కనీసం రెండోసారి విత్తే విత్తనాలైనా అప్పు చేయకుండా కొనుక్కోవచ్చు.